మైనస్ వన్‌ను చూసీచూడనట్టు వదిలేయొద్దు

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ప్రోగ్రాం రాశారు. అవుట్‌పుట్ వచ్చింది. రికార్డు మీద సంతకమూ అయిపోయింది. ఇప్పుడా కోడ్ మళ్లీ ఒకసారి తెరవండి. 'ఓపెన్' విఫలమైందేమో చూసే ఉంటారు, సార్ బోర్డు మీద అలాగే రాశారు కాబట్టి! మరి రైట్, క్లోజ్, ఫోర్క్‌ల సంగతి? 'బాగానే పనిచేస్తోందిగా' అంటారా? చిక్కంతా అక్కడే ఉంది.

లినక్స్‌లో ఇలాంటి సిస్టమ్ కాల్స్ విఫలమైతే సాధారణంగా మైనస్ 1 వస్తుంది. కారణం 'ఎర్‌నో'లో ఉంటుంది. చూడాల్సింది మీరే.

ఫోర్క్‌నే తీసుకోండి. ప్రాసెస్‌ల పరిమితి దాటినా, మెమరీ చాలకపోయినా మైనస్ 1 ఇస్తుంది. దాన్నే చైల్డ్ ప్రాసెస్ నంబర్ అనుకుని, తర్వాత 'కిల్'కు ఇచ్చారనుకోండి. కిల్ భాషలో మైనస్ 1 అంటే 'నాకు అనుమతి ఉన్న అన్ని ప్రాసెస్‌లూ' అని! ఒక్కదాన్ని ఆపబోతే మీ ప్రోగ్రాం తప్ప మీ పేరుతో నడుస్తున్నవన్నీ ఆగిపోతాయి. రూట్‌గా నడుస్తుంటే సర్వర్ మొత్తానికీ ముప్పే.

ఎర్రర్‌ను చూస్తే చాలదు, అదేం చెబుతోందో తెలియాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 'ఎఫ్‌సింక్' విఫలమైతే మళ్లీ ప్రయత్నించేది. రెండోసారి విజయవంతమైనట్టే జవాబొచ్చేది. కానీ లినక్స్ ఆలోపే ఆ డేటా డిస్క్‌కు చేరినట్టు లెక్కగట్టేసేది. అంటే డేటా పోయినా ఎవరికీ తెలియదు! 2018లో ఈ లోపం బయటపడింది. ఎఫ్‌సింక్ విఫలమైతే వెంటనే ఆగి, లాగ్ నుంచి కోలుకునేలా 2019లో దాన్ని మార్చారు. అనుభవజ్ఞులే పొరబడ్డ చోట మనం అసలు చూడనే చూడకపోతే ఎలా?

ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకోండి. ప్రతి కాల్ జవాబూ చూడండి. ఎర్‌నోను వెంటనే దాచుకోండి, మధ్యలో ఒక్క ప్రింట్‌ఎఫ్ పిలిచినా అది మారిపోవచ్చు. రైట్ మీరిచ్చిన వెయ్యి బైట్లలో ఆరువందలే రాసి ఊరుకోవచ్చు. మిగిలినవి మీరే పంపాలి. ప్రతిసారీ ఇదంతా రాయడం విసుగనిపిస్తే, చెకింగ్‌తో కూడిన చిన్న ఫంక్షన్లు ఒకసారి రాసి పెట్టుకోండి.

చివరగా చిన్న పరీక్ష. మీ ప్రోగ్రాం అవుట్‌పుట్‌ను 'డెవ్' డైరెక్టరీలోని 'ఫుల్' అనే ఫైల్‌కు మళ్లించండి. అందులో రాయబోతే డిస్క్ నిండిపోయిందనే ఎర్రర్ వస్తుంది. అప్పుడూ మీ ప్రోగ్రాం ఏమీ జరగనట్టు ముగిసిందా? రేపు అలాగే ఎవరి జీతం లెక్కో, ఎవరి ఆస్పత్రి రిపోర్టో మాయం కావచ్చు. ఇంటర్వ్యూకు వెళ్లేలోపు ఆ కోడ్‌ను సరిచేయండి.