సరా... బేసా?

రెండో తరగతి పిల్లాణ్ని ‘8 సరిసంఖ్యా, బేసిసంఖ్యా?’ అని అడిగితే ఠక్కున ‘సరి’ అంటాడు. 74 దగ్గరికొచ్చేసరికి తడబడతాడు. ముందు 7 కనబడుతోందిగా, ‘బేసి’ అనేస్తాడు. ‘ఎన్నిసార్లు చెప్పాలిరా, చివరి అంకె చూడమని!’ అంటూ అమ్మ నెత్తిన ఒకటి మొడుతుంది. చివరి అంకే ఎందుకు చూడాలో మాత్రం ఎవరూ చెప్పరు. లెక్కలంటే బెదురు చాలామందికి ఇలాంటి చోటే మొదలవుతుంది.

ఓ పూట పుస్తకం పక్కన పెట్టి గుప్పెడు చింతపిక్కలు తీయండి. అమ్మమ్మలకు బాగా తెలిసిన ఆటే. గుప్పిట మూసి ‘సరా, బేసా?’ అనడగాలి. వాడు ఊహించి చెప్పాక పిక్కలు నేలమీద పోసి జతలు జతలుగా పేర్చాలి. అన్నీ జతపడితే సరి. ఒకటి ఒంటరిగా మిగిలితే బేసి. భాగహారం రాని పిల్లలకూ ఇది ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లిషు మీడియం పిల్లలు ఈవెన్, ఆడ్ అన్నా ఫర్వాలేదు, పిక్కలకు భాషతో పనిలేదు.

ఇప్పుడు పది పిక్కలు పేర్పించండి. ఐదు జతలు. ఇంకో పది... మళ్లీ ఐదు జతలు. పదులు ఎన్ని పోసినా ఒక్క పిక్కా మిగలదు. అంటే 74లో ఏడు పదులూ నిక్షేపంగా జతపడిపోతాయి. తేలాల్సింది ఆ నాలుగు సంగతే. వందలూ వేలూ అయినా పదుల కుప్పలే కదా. చివరి అంకె గుట్టు ఇదీ!

ఆటలో పడ్డాక ఖాళీ గుప్పిట చూపించి అడగండి. పెద్దవాళ్లూ నీళ్లు నములుతారు. జత లేకుండా ఏదీ మిగల్లేదు కాబట్టి సున్నా సరిసంఖ్యే. వరసలో చూసినా అంతే. సరి, బేసి ఒకటి విడిచి ఒకటి వస్తాయి. 1 బేసి అయినప్పుడు దానికి ముందున్నది సరే కావాలి.

బేసి కుప్పలు రెండు కలిపిస్తే? అక్కడో ఒంటరి, ఇక్కడో ఒంటరి. రెండూ జత కడతాయి. ఇది వాళ్లంతట వాళ్లే కనిపెట్టనివ్వాలి, ముందే చెప్పేయకూడదు.

ఇక గోడమీది క్యాలెండర్‌లో ఆదివారాల తేదీలు చదివించండి. మొదటిది 3 అయితే తర్వాత 10, 17, 24, 31. బేసి, సరి, బేసి, సరి, బేసి... ఏ నెల తిప్పినా ఇలా మారుతూనే ఉంటాయి. ఎందుకలా అని వాడు అడిగితే, జవాబు చెప్పకుండా ఏడు పిక్కలు చేతిలో పెట్టండి.