అత్యవసర సేవకు గౌరవ వేతనమేనా?

మన దేశపు ఉత్పత్తి విలువలో సగమునకు మించిన భాగము సేవారంగమునుండి వచ్చుచున్నను, ఆ రంగము పని కల్పించుచున్నది శ్రామికులలో నూటికి సుమారు ముప్పదిమందికి మాత్రమే; వారిలోనైనను పురుషులదే ఆధిక్యము. ప్రపంచమున అనేక దేశములలో స్త్రీలు పొలములను విడిచి బడులకు, వైద్యశాలలకు, దుకాణములకు, కార్యాలయములకు తరలి రాగా, సేవారంగమున పనిచేయు స్త్రీల పాలు పురుషుల పాలును దాటిపోయినది. భారతదేశమున ఆ మార్పు నేటికిని జరుగలేదు. 2023-24 శ్రామికబల సర్వేక్షణము ప్రకారము గ్రామసీమలలో పనిచేయు స్త్రీలలో నూటికి 76.9 మంది వ్యవసాయముననే యున్నారు. పురుషులలో ఆ సంఖ్య 49.4. శ్రామికబలమున స్త్రీల భాగస్వామ్యము 2017-18లో 23.3 శాతముగా నుండి, ఆరేండ్లలో 41.7 శాతమునకు పెరిగినదని సంతోషింపవచ్చును గాని, ఆ పెరుగుదలలో అధికభాగము స్వయముపాధి యనియు, సొంత చేనిలోను ఇంటి దుకాణములోను కూలి లేకయే పాటుపడు ఇల్లాండ్రు అందనేకులనియు తెలిసినపుడు ఆ సంతోషము చాలవరకు తరిగిపోవును.

సేవారంగమున అడుగిడిన స్త్రీపురుషులకైనను లభించు పనులు ఒక్క తీరువి కావు. వర్తకము, రవాణా, హోటళ్లు, కాపలా, ఇటీవల ఇంటింటికి సరకులు చేరవేయు పని పురుషుల చేతిలో నున్నవి. పసిపిల్లలకు చదువు చెప్పుట, రోగులకు పరిచర్య చేయుట, పరుల ఇండ్లలో పాచిపని స్త్రీల పాలబడినవి. సాఫ్ట్‌వేర్ రంగమున స్త్రీలు మూడవవంతు వరకు ఉండుట మెచ్చదగినదే యైనను, అది దేశపు స్త్రీజనములో అత్యల్పభాగమునకే అందిన భాగ్యము. శ్రీకాకుళమునుండియో పాలమూరునుండియో హైదరాబాదునకు వలసవచ్చి యొక అపార్టుమెంటు క్రింది గదిలో కాపురము పెట్టిన దంపతులను చూడుడు. వాచ్‌మన్ ఉద్యోగము భర్త పేర నుండును, నెల జీతము అతని చేతికి వచ్చును. మెట్లు కడుగుట, వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టుట, భర్త లేని వేళ నీళ్ల మోటారు వేయుట భార్య చేయును, ఆ పనులకు వేరు లెక్క లేదు. తనకంటూ నాలుగు రూకలు కావలెనన్న ఆమె ఫ్లాటు ఫ్లాటునకు పోయి అంట్లు తోమవలసినదే. 2024 కాలవినియోగ సర్వేక్షణములో ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు, పురుషులు 88 నిమిషములు ఆ పనికి వెచ్చించుచున్నట్లు తేలినది. తరతరములుగా ఇంట ఉచితముగా పొందుచు వచ్చిన పని బజారున కెక్కినపుడు, దానికి తగిన వెల ఇచ్చుటకు మన సమాజమునకు చేయి రాకున్నది.

గృహస్థులను తప్పుపట్టుటకు ముందు ప్రభుత్వముల నడవడిని చూడవలెను. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద నేడు దేశమున పదమూడు లక్షలకు పైగా అంగన్‌వాడీ కేంద్రములున్నవి. 2005లో ఆరంభమైన గ్రామీణ ఆరోగ్య మిషన్ క్రింద ఆశా కార్యకర్తలు సుమారు పది లక్షలమంది గలరు. బిడ్డలను తూచి ఎదుగుదలను నమోదు చేయుట, గర్భిణులకు బాలింతలకు పోషకాహారము నందించుట, టీకాలకు తల్లులను పిలుచుకొని వచ్చుట, మూడేండ్లు నిండిన పిల్లలకు ఆటపాటలతో అక్షరములు నేర్పుట, ఇవన్నియు చేసి మరల పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించుట, పలుచోట్ల ఓటర్ల జాబితా పని నెరవేర్చుట వీరి విధులు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలను పురస్కారముతో గౌరవించినది. ఇంతటి బాధ్యతను మోయు స్త్రీలు ప్రభుత్వపు దృష్టిలో ఉద్యోగినులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. వారికిచ్చునది జీతము కాదు, గౌరవ వేతనము. అంగన్‌వాడీ కార్యకర్తకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250 రూపాయలు అని 2018 అక్టోబరులో కేంద్రము నిర్ణయించిన మొత్తము, ధరలు ఇంతగా పెరిగినను, ఏండ్ల తరబడి కదలలేదు. తక్కినది రాష్ట్రముల దయ.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశమున అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగిరి. అప్పటికి అక్కడి కార్యకర్తకు ముట్టుచున్నది 11,500 రూపాయలు, తెలంగాణమున 13,650 రూపాయలు. పొరుగు రాష్ట్రముకంటె అధికముగా ఇత్తుమన్న మాటను ప్రభుత్వము నిలుపుకొనవలెనని, గ్రాట్యుటీ ఇయ్యవలెనని వారి కోరిక. సమ్మె 42 దినములు సాగెను. 2024 జనవరిలో ప్రభుత్వము వారి పనిని అత్యవసర సేవగా ప్రకటించి, ఎస్మా చట్టమును ప్రయోగించి, సమ్మెను నిషేధించినది. పని ఆగిన క్షణమున అది లేనిదే గడవదని చట్టము నెత్తి చాటిన ప్రభుత్వమే, పని సాగునన్నాళ్లు దానిని ఉద్యోగముగా అంగీకరింపకుండుట అన్యాయమని నా దృఢాభిప్రాయము. ఏ పార్టీ గద్దెమీద నున్నను ఈ మాట మారదు.

అంగన్‌వాడీది పూటపని యని, పూర్తి జీతము తగదని కొందరందురు. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు గుజరాత్ అంగన్‌వాడీ కార్యకర్తల వ్యాజ్యమున ఆ వాదమును త్రోసిపుచ్చి, 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము వీరు చట్టబద్ధమైన విధులు నిర్వర్తించుచున్నారని, వీరికి గ్రాట్యుటీ చెల్లవలసినదే యని తీర్పు చెప్పినది. అంతకు తొమ్మిదేండ్ల ముందే, 2013లో, భారత కార్మిక మహాసభ అంగన్‌వాడీ, ఆశా వంటి పథక కార్మికులను కార్మికులుగా గుర్తింపుడని సిఫారసు చేసియున్నది. ఖజానాకు భారమన్న వాదము మిగిలియున్నది. అది అసత్యము కాదు. అయినను కనీస వేతనముకంటె తక్కువకు పని చేయించుకొనుట రాజ్యాంగము నిషేధించిన వెట్టి యని 1982లో ఏషియాడ్ కార్మికుల వ్యాజ్యమున అదే న్యాయస్థానము తేల్చినపుడు, డబ్బు లేదన్న సాకును ప్రైవేటు యజమాని చెప్పిన మనము ఒప్పుకొందుమా?

ఈ జీతపు సమస్యతో ఇతర స్త్రీల ఉపాధియు ముడిపడి యున్నది. ఏడాది బిడ్డ గల తల్లి పట్టణపు దుకాణముననో ఆసుపత్రియందో ఎనిమిది గంటల కొలువునకు పోవలెనన్న, అత్తగారో అమ్మయో ఇంట నుండినగాని సాగదు. అంగన్‌వాడీలో కూర్చుండబెట్టుకొనునది మూడేండ్లు దాటినవారినే. 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టము ఏబదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు సంస్థలలో శిశుసంరక్షణ గది యుండవలెనన్నను, స్త్రీలలో అధికులు పనిచేయునది అంతకు చిన్నవైన చోట్లనే. కావున అంగన్‌వాడీకి శిశుసంరక్షణ కేంద్రమును జోడించు పాల్నా పథకము సరియైన దారి. అయితే సాయంకాలము వరకు పసిబిడ్డల మలమూత్రములెత్తి, పాలు పట్టి, నిద్రపుచ్చు స్త్రీకి మరల పారితోషికమే చాలునన్నచో ఆ కేంద్రములు నిలువవు. కేంద్రము తన వాటాను వచ్చు బడ్జెటులోనే పెంచి, కార్యకర్తకును ఆయాకును వారివారి రాష్ట్రపు కనీస వేతనమునకు తగ్గని జీతమును హామీ ఇయ్యవలెను. 2025లో ఆంధ్రప్రదేశము ఆశా కార్యకర్తలకు ప్రసూతి సెలవును, గ్రాట్యుటీని అంగీకరించినది; తక్కిన రాష్ట్రములు సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన పిమ్మటనైనను ఆ పాటి ఉత్తర్వు వెలువరించుటకు మరియొక సమ్మెకై వేచియుండరాదు.