పాత చీటీలు చదివేవాళ్లు కావాలి

కలివికోడి పేరు చెబితే కడప జిల్లా లంకమల అడవులు గుర్తొస్తాయి. 1900 తర్వాత కనుమరుగై, అంతరించిందనే అనుకున్నాక 1986లో అక్కడ మళ్లీ కనిపించిన పక్షి అది. దాని గుడ్డు కోసం వెతికిన వాళ్లకు అదెక్కడా దొరకలేదు. తీరా చూస్తే ఒక గుడ్డు స్కాట్లండ్‌లో ఉంది! 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో ఒక పశువైద్యుడు సేకరించిన ఆ గుడ్డు చేతులు మారి అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియం చేరింది. అది కలివికోడిదేనని డీఎన్ఏ పరీక్షలో తేలి, 2013లో సంగతి బయటికొచ్చింది.

ఇలా సొరుగుల్లో మరుగున పడినవి ఇంకెన్నో. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనే దాదాపు 8 కోట్ల నమూనాలున్నాయి. సూదికి గుచ్చిన పురుగు కిందో, ఎండబెట్టిన మొక్క పక్కనో ఒక చిన్న చీటీ ఉంటుంది: ఎవరు పట్టారు, ఎక్కడ, ఏ రోజున. ఆ వివరాలు కంప్యూటర్‌కు ఎక్కితేగానీ దూరాన ఉన్న పరిశోధకులకు అందవు. అంత పని మ్యూజియం సిబ్బంది వల్ల అయ్యేది కాదు. అందుకే ఇంట్లో కూర్చుని సాయం చేయగల వాలంటీర్లను పిలుస్తున్నారు.

చీటీలో ఏముందిలే అనుకోవడానికి లేదు. బ్రిటన్‌లో బైరి డేగల గుడ్ల పెంకులు పలచబడుతున్నాయని 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ నిరూపించింది పాత గుడ్ల సేకరణల ఆధారంతోనే. ఆ మార్పు 1940ల చివర్లో మొదలైందని గుడ్లతోపాటు ఉన్న తేదీలే చెప్పాయి. దోషి డీడీటీ అనే పురుగుమందు అని ఆ తర్వాత తేలింది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో కూడా లోకం చూసింది. 2016లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం అగ్నికి ఆహుతైంది. 2018లో బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడింది. నమూనా కాలిపోయినా, ముందే ఫొటో తీసి, చీటీ ఎక్కించి ఉంటే సమాచారమైనా దక్కుతుంది.

పని తీరు సులువే. జూనివర్స్ అనే ఆన్‌లైన్ వేదికపై 2013లో మొదలైన ‘నోట్స్ ఫ్రమ్ నేచర్’లోగానీ, ఆస్ట్రేలియన్ మ్యూజియం 2011లో ప్రారంభించిన ‘డిజివోల్’లోగానీ ఉచితంగా చేరవచ్చు. తెరమీద నమూనా ఫొటో, పక్కనే నింపాల్సిన గళ్లు కనిపిస్తాయి. పురుగుల చీటీల్లో తరచూ నెలను రోమన్ అంకెల్లో రాస్తారు; 12.vii.1931 అంటే జులై 12. సేకర్త పేరు, ఊరు కనిపించినట్టే ఎక్కించాలి, సొంత దిద్దుబాట్లు కూడదు. పొరపాటు జరుగుతుందేమోనన్న భయం అక్కర్లేదు. నోట్స్ ఫ్రమ్ నేచర్‌లో ఒకే చీటీని పలువురు చదువుతారు. డిజివోల్‌లో ఒకరు ఎక్కించినదాన్ని మరొకరు సరిచూస్తారు.

ఈ పనిలో తెలుగువాళ్ల అక్కర ప్రత్యేకంగా ఉంది. విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ పాముల్ని, చేపల్ని, సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ మొక్కల్ని 18వ శతాబ్దం చివర్లోనే పరిశీలించి సేకరించారు. ఆనాటినుంచీ ఇక్కడి జీవజాలం సీమదేశపు మ్యూజియాలకు చేరుతూనే ఉంది. చీటీమీద కోకనాడ అనో, మసూలిపటం అనో ఉంటే ఆ రాతను పోల్చుకోవడానికి పరాయి దేశపు వాలంటీరు పటం ముందేసుకుని తడుముకోవాలి. కాకినాడ, మచిలీపట్నం ఎరిగినవాళ్లకు అది క్షణంలో పని.

ఇంగ్లిష్ గొలుసుకట్టు రాత చదవగలిగిన విశ్రాంత ఉపాధ్యాయులు, ఉద్యోగులు వారానికి ఒక గంట దీనికి ఇవ్వాలని విజ్ఞప్తి. జీవశాస్త్రం చెప్పే అధ్యాపకులు కాలేజీ కంప్యూటర్ గదిలో పిల్లలతో ఒక పూట ఈ పని చేయించవచ్చు. అమెరికా, ఆస్ట్రేలియాల్లోని తెలుగు సంఘాలు తమ ఊరి మ్యూజియాన్నే అడిగి చూడవచ్చు. ఏటా అక్టోబరులో ‘విడిగ్‌బయో’ పేరుతో నాలుగు రోజులపాటు పలు దేశాల వాలంటీర్లు కలిసి ఈ పని చేస్తారు. కొత్తవాళ్లు అప్పుడు మొదలుపెట్టినా సరే, ఈ ఆదివారమే నాలుగు చీటీలతో చేయి తిప్పుకున్నా సరే.