తీగెల చదువు

ఈ పుటలలో నింతవరకు దాదివృత్తిని గూర్చియు, ఉపాధ్యాయవృత్తిని గూర్చియు పలుమారులు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున నొక సోదరి వ్రాసిన జాబునుబట్టి క్రొత్తదారి త్రొక్కవలసివచ్చినది. ఆమె కుమార్తె పదవతరగతిలో నుత్తీర్ణురాలైనది. పాలిటెక్నిక్‌లో చేరి కంప్యూటర్లను, వానిని కలుపు నెట్‌వర్కులను గూర్చిన డిప్లొమా చదువుదునని పట్టుబట్టుచున్నదట. తల్లికి సమ్మతమే. ఇంటి పెద్దలు మాత్రము "స్తంభము లెక్కి తీగెలు లాగు పని ఆడపిల్లకేల? ఇంటరులో చేర్చి డిగ్రీ చదివింతము" అనుచున్నారట. ఈ చదువులో నసలేమున్నది, పెద్దలమాట యెంతవరకు నిజము అని యా సోదరి ప్రశ్న.

ముందు చదువు సంగతి చెప్పెదము. మీరు దూరదేశమున నున్న చెల్లెలికి ఫోనులో నొక ఛాయాచిత్రమును పంపుచున్నారనుకొనుడు. అది యొక్క ముద్దగా పోదు. వేలకొలది చిన్నతునుకలుగా విడిపోవును. ఒక్కొక్క తునుకకు ప్యాకెట్టని పేరు. ప్రతి ప్యాకెట్టు మీదను పంపిన యంత్రము యొక్క సంఖ్యయు, చేరవలసిన యంత్రము యొక్క సంఖ్యయు నుండును. జాబు మీద చిరునామా వంటిదే యిది. దారిలో రౌటరను యంత్రము లా చిరునామాను చూచి, యేవైపునకు పంపవలెనో నిర్ణయించి ముందునకు త్రోయుచుండును. అన్నియు నొకేదారిన పోవలెనను నియమము లేదు. ఒకటి తప్పిపోయినచో దానినే మరల రప్పించుకొను నేర్పాటు కలదు. గమ్యమున నవి వరుసగా కూర్చబడి తిరిగి చిత్రమగును. ఇంత పనియు క్షణములలో ముగియును గనుకనే మనకు కనబడదు. ఎక్కడనో యొకచోట తెగినపుడే యింటిల్లిపాదికి తెలియును.

ఆ చిరునామా సంఖ్యలో నాలుగు భాగము లుండును. ఒక్కొక్క భాగము 0 మొదలు 255 వరకు నెంతయైన కావచ్చును. ఈ లెక్కను మొత్తము సంఖ్యలు సుమారు 430 కోట్లు. లోకమున మనుష్యులే అంతకంటె నెక్కువమంది యున్నారు, వారిలో ననేకులకు రెండు మూడు యంత్రములు కూడ. 2011 ఫిబ్రవరిలో ప్రపంచమునకంతకును పంచియిచ్చు కొట్టులో నీ సంఖ్యలు నిండుకొన్నవి. అందుచేత నింతకంటె నెంతో పొడవైన క్రొత్త చిరునామాలు వాడుకలోనికి వచ్చినవి. పాతవియు నింకను పోలేదు. ఈ రెండు విధములును విద్యార్థిని నేర్వవలసినవే.

ఈ సంఖ్యలను పంచుట యొక చక్కని లెక్క. 256 చిరునామాలుగల యొక సమూహమును నాలుగు శాఖలకు పంచినచో శాఖకు 64 వచ్చును. కాని ప్రతి భాగములోను మొదటిదియు చివరిదియు యంత్రములకు పనికిరావు, కావున మిగులునవి 62. పొలము పంచుకొన్నపుడు గట్లకు కొంతనేల పోవుటవంటి దిది. గణితమనిన బెదరు బాలికలు చాలమంది యిక్కడ నాగుదురు. రెండు, నాలుగు, ఎనిమిది, పదునారు అను రెట్టింపులు కంఠస్థమైనచో నిందులో బ్రహ్మవిద్య యేమియు లేదు.

ఇక చేతిపని. ప్రయోగశాలలో మొదట నేర్పునది కేబులు కట్టుట. ఆ నల్లని లేక నీలపు గొట్టమును విప్పినచో లోపల నెనిమిది రాగి తీగెలు, రెండేసి చొప్పున పెనవేసికొని, నాలుగు జంటలుగా నుండును. పెనవేయుట యందమునకు కాదు. ప్రక్కనున్న కరెంటు తీగెలవలన గలుగు నలజడి జంటలోని రెండు తీగెల మీదను సమానముగా పడి, చివర నొకదాని నొకటి కొట్టివేసికొనును. కనుక కొనలయొద్ద పెనను అరయంగుళమునకు మించి విప్పరాదు. తెలుపునారింజ, నారింజ, తెలుపుఆకుపచ్చ, నీలము, తెలుపునీలము, ఆకుపచ్చ, తెలుపుగోధుమ, గోధుమ అను వరుసలో పేర్చి, స్ఫటికమువంటి చిన్నపెట్టెలో దూర్చి, పట్టకారువంటి పనిముట్టుతో నొక్కవలెను. నాలుగవ తీగె ఆకుపచ్చ కాదు, నీలము. క్రొత్తవారు తప్పు చేయున దిక్కడనే. తరువాత పరీక్షాయంత్రమునకు తగిలించినచో, సరిగా కట్టినపుడు దీపము లొకదాని వెంట నొకటి వెలుగును. ఇట్టి తీగెను వంద మీటర్లకు మించి లాగరాదు. అంతకు మించినదూరమునకు నడుమ నొక యంత్రమైన నుండవలెను, లేనిచో గాజుతీగెనైన వేయవలెను.

గాజుతీగె యనగా ఆప్టికల్ ఫైబరు. దానిలో విద్యుత్తు పోదు, వెలుతురు పోవును. పైతొడుగులు తీసివేసినచో దాని మందము మిల్లీమీటరులో నెనిమిదవవంతు మాత్రమే. వెలుతురు నడచు నడిమిభాగ మింకను సన్నము, దూరప్రయాణపు తీగెలలో మిల్లీమీటరులో వందవవంతునకు లోపు. తెగిన రెండు కొనలను యంత్రములో నెదురెదురుగా నుంచి, విద్యుత్ జ్వాలతో కరగించి యతుకుదురు. ఓర్పును, నిలుకడగల చేతులను కోరు పని యిది. తల్లులు తెలిసికొనవలసిన జాగ్రత్త లిందులో రెండు కలవు. ఆ వెలుతురు కంటికి కనబడదు, అయినను కంటికి హానిచేయగలదు, కావున తీగె కొనలోనికి తొంగిచూడరాదు. తెగిపడిన గాజుముక్కలు ముల్లువలె చర్మములో దిగును. వానిని మూతగల డబ్బాలో నుంచవలెను, ఆ బల్లమీద ఫలహారము చేయరాదు. మంచి ప్రయోగశాలలో నీ రెండును మొదటి దినముననే చెప్పుదురు. చెప్పరేని, అడుగవలసినది.

ఈ విద్యకు మన రెండు తెలుగు రాష్ట్రములలో ముఖ్యముగా రెండు దారులు కలవు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడుసంవత్సరములది. పదవతరగతి తరువాత పాలీసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాయవలెను. అందు గణితము, భౌతికము, రసాయనము నుండును. నెట్‌వర్కులు కంప్యూటర్ ఇంజనీరింగు శాఖలోను, ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ శాఖలోను పాఠ్యాంశములే. మొదటిశాఖలో యంత్రములు, ప్రోగ్రాములు ఎక్కువ. రెండవదానిలో తరంగములు, తీగెలు, ప్రసారము ఎక్కువ. రెండవమార్గము ఐ.టి.ఐ.లో కంప్యూటర్ హార్డ్‌వేరును, నెట్‌వర్కుల సంరక్షణను నేర్పు నొకసంవత్సరపు వృత్తిశిక్షణ. త్వరగా సంపాదింపవలసిన యవసరముగల యింటి కిది తగును. అవసరము లేనివారు డిప్లొమాకే పోవుట మేలని మా యభిప్రాయము. ఏలయనిన డిప్లొమా ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగులో నేరుగా రెండవసంవత్సరమున చేరవచ్చును. ఇంటరు తప్పిపోయినది గనుక పైచదువు మూసికొనిపోవునను పెద్దల భయమునకు సమాధాన మిది.

ధనము మాట. ఇట్టి వృత్తివిద్యలలో సీట్లు మూడవవంతు బాలికలకు ప్రత్యేకింపబడియున్నవి. అఖిలభారత సాంకేతిక విద్యామండలివారి ప్రగతి యను విద్యార్థివేతనము బాలికలకు మాత్రమే యిచ్చునది. ఎంపికయైనచో సంవత్సరమునకు 50,000 రూపాయలు. కుటుంబపు వార్షికాదాయము 8 లక్షలకు మించరాదు. ఒక యింటిలో నిద్దరు కుమార్తెలవరకు కోరవచ్చును.

ఇప్పుడు స్తంభముల మాట. బయట తీగెలు లాగుట, గోపురము లెక్కుట యనునవి యీ వృత్తిలో నొక భాగము, అవి చేయు పనివారు వేరుగ నుందురు. డిప్లొమా చదివినవారికి తరచుగా దొరకునది కార్యాలయములలో, ఆసుపత్రులలో, బ్యాంకులలో, డేటా కేంద్రములలో నెట్‌వర్కును కనిపెట్టియుండు పని. ఇందులోను కష్టము లేకపోలేదు. రాత్రివంతులు వచ్చును, మొదటి జీతము కొంచెము, మొదటి యుద్యోగము తరచుగా కాంట్రాక్టుది. ఈ సంగతులు దాచి బాలికను చేర్చుట మంచిది కాదు. అయినను తీగెలపని స్త్రీలది కాదనుట మాత్రము చరిత్ర తెలియని మాట. 1878లో అమెరికాలోని బోస్టను నగరమున ఎమ్మా నట్ అను నామె టెలిఫోనుశాలలో తీగెలు కలుపు పనికి నియమింపబడెను. ఆ పనికి నియమింపబడిన తొలి స్త్రీ యామెయే. అంతకుముందు ఆ పని చేయుచుండిన కుఱ్ఱవాండ్రు పిలిచినవారితో దురుసుగా మాటలాడుటచే నా మార్పు వచ్చినది. తరువాత ననేకదేశములలో నది స్త్రీలపనియే యైనది. నెట్‌వర్కులలో ప్యాకెట్లు గానుగెద్దువలె చుట్టు తిరుగుచు నెట్‌వర్కునంతను స్తంభింపజేయకుండ కాపాడు విధానమును 1985లో కనిపెట్టినది రేడియా పెర్ల్‌మన్ అను స్త్రీయే. విద్యార్థినులు దానిని నేటికిని పాఠముగా చదువుచున్నారు.

మా దృష్టిలో నసలు చిక్కు స్తంభములలో లేదు, మూడవసంవత్సరమున నున్నది. మన పాలిటెక్నిక్ చదువులో సుమారు ఆరుమాసముల కాలము తరగతి విడిచి పరిశ్రమలో శిక్షణ పొందవలెను. రెండున్నరయేండ్లు సంతోషముగా చదివించిన తల్లిదండ్రులు కొందఱు ఇక్కడ వెనుకంజ వేయుచున్నారు. హైదరాబాదో, విశాఖపట్టణమో పంపనొల్లక, ఊరిలోనే యేదో యొక చిన్న దుకాణమునుండి శిక్షణ పొందినట్లు కాగితము తెచ్చుకొందురు. బాలిక యా ఆరుమాసములు ఇంటనే యుండును. పట్టా చేతికి వచ్చును, కాని నిజమైన నెట్‌వర్కు తెగినపుడు తప్పెక్కడ నున్నదో వెదకుట రాదు. అది పుస్తకమునుండి వచ్చు విద్య కాదు. రేపు ఉద్యోగపరీక్షలో నడుగునదియు నదియే. ఆ కాగితముతో పోయిన బాలిక తిరిగివచ్చి, తనకు తెలివి లేదని తలంచుకొనును. ఆమెకు లేనిది తెలివి కాదు, ఆరుమాసముల పని.

ఆ సోదరి యింటి పెద్దలకు అయ్యలసోమయాజుల లలితగారి కథ వినిపింపవలెనని మా కోరిక. ఆమె 1919లో మద్రాసున తెలుగువారింట జన్మించెను. పదునెనిమిదియేండ్లకే భర్త గతించెను, ఒడిలో నాలుగుమాసముల కూతురు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన ప్రోత్సాహమున నామె యక్కడనే విద్యుచ్ఛాస్త్రము చదివి 1943లో పట్టము పొందెను. మనదేశమున విద్యుత్ ఇంజనీరైన మొదటి స్త్రీ ఆమెయే. పట్టాపత్రములో ముద్రించియున్న పురుషవాచకమును కొట్టివేసి స్త్రీవాచకమును చేతితో వ్రాయవలసివచ్చెనని చెప్పుదురు. కాని మేము చెప్పదలచినది వేరు. ఆ చదువునకు కావలసిన పనిశిక్షణకై యామె బీహారులోని జమాల్‌పూరు రైల్వే కార్ఖానాలో నొక సంవత్సరము గడపెను. ఆ కాలమున, ఆ స్థితిలోనున్న కూతురిని, అంతదూరము పంపిన తండ్రి యొకడు మనలో నుండెను. నేడు మన పిల్లలను పంపవలసినది ఆరుమాసములకే, అదియు మన భాష మాటలాడు నగరమునకే.

అందుచేత కళాశాలలో చేర్చునపుడే అడుగుడు: శిక్షణకు పిల్లల నెక్కడికి పంపుచున్నారు? అక్కడ వసతిగృహ మున్నదా? గడచిన సంవత్సరము పోయిన బాలికలతో మాటలాడవచ్చునా? ప్రయోగశాలలో గాజుతీగె యతుకు యంత్రమున్నదా, ఉన్నచో పిల్లలు ముట్టుకొనగలరా, అద్దాలబీరువాలో చూచుటకు మాత్రమేనా? ఈ ప్రశ్నలకు తడబడు కళాశాల కంటె, భవనము పాతదైనను సూటిగా జవాబు చెప్పు కళాశాల మేలు.

తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలకు మొదటి యారుమాసములు కొంత బరువు. పాఠ్యగ్రంథములు చాలవర కాంగ్లమున నుండును. ప్రతిదినము వచ్చిన క్రొత్తమాటలను, తన తెలుగులో వాని పనిని, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుట మంచి యలవాటు.

ల్యాప్‌టాపు వెంటనే కొనవలెనా యని యా సోదరి చివర నడిగినారు. మొదటి సంవత్సరమున నవసరము లేదు, కళాశాలలోని యంత్రములు చాలును. రెండవసంవత్సరమున నెట్‌వర్కులను తెరమీదనే కట్టి పరీక్షించు ప్యాకెట్ ట్రేసర్ వంటి సాధనములు ఉచితముగా దొరకును. వానికి ఫోను చాలదు గనుక, అప్పటికి వాడిన కంప్యూటరు నొకదానిని చవుకగా కొన్నను సరిపోవును. ఈలోపల కొన్ని గజముల కేబులు, ఇరువది కొనపెట్టెలు, నొక్కు పనిముట్టు, పరీక్షాయంత్రము కొనియిచ్చినచో, అమ్మాయి వేసవిలోనే చేయి తిప్పుకొనును.