మతి తప్పినవాని చేతి హత్య



మొన్న స్త్రీల కూడికలో ఒక సహోదరి మమ్మును అడిగారు: "అయ్యగారూ, పిచ్చివాడు మనిషిని చంపితే కోర్టు వదిలిపెడుతుందట. మరి చనిపోయినవారి ఇంటివారి గతి ఏమిటి?" అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాము.

ఈ చట్టము వెనుక ఒక మనిషి ఉన్నాడు. స్కాట్లాండు దేశములోని గ్లాస్గో పట్టణపు కొయ్యపనివాడు, డేనియల్ మెక్‌నాటన్. రాజకీయ పక్షమువారు తనను వెంటాడుచున్నారని అతని భ్రమ. తండ్రితో చెప్పుకున్నాడు, ఊరి అధికారులకు మొర పెట్టుకున్నాడు. అదంతా నీ అపోహ అని నచ్చజెప్పి పంపారు. 1843 జనవరి 20న లండనులో ఎడ్వర్డ్ డ్రమ్మండ్ అను ఆయనను వెనుకనుండి తుపాకితో కాల్చాడు. ఆయన ప్రధానమంత్రి రాబర్ట్ పీల్‌కు కార్యదర్శి. ప్రధానమంత్రి అనుకొనే కాల్చాడంటారు. ఐదు దినములకు డ్రమ్మండ్ మరణించాడు.

వైద్యుల సాక్ష్యము విని జ్యూరీ అతడు నిర్దోషి అన్నది. దేశము మండిపడింది, విక్టోరియా రాణి కూడ కోపపడింది. అప్పుడు ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి హద్దు ఎక్కడో చెప్పమన్నది. వారి జవాబుల పోలికనే 1860లో మన పీనల్ కోడులో 84వ సెక్షను వచ్చింది. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను.

జబ్బు ఉన్నంత మాత్రాన చాలదు. ఆ గడియలో తాను చేయుచున్నదేమిటో, అది తప్పో కాదో తెలిసికొనే శక్తి లేనివానికే ఈ సెక్షను. నటిస్తేనో? గాతు రాజైన ఆకీషు ఎదుట దావీదు వెర్రివానివలె నటించి తప్పించుకున్న సంగతి మనకు తెలిసినదే. అందుకే రుజువు చేయవలసిన భారము నిందితునిదే. భార్యను పొడిచి చంపిన గుజరాతు మనిషి కేసులో 1964లో సుప్రీంకోర్టు, నేరమునకు ముందు, ఆ సమయమున, ఆ తరువాత అతని నడత ఎట్లున్నదో చూచి, పిచ్చి అను వాదమును త్రోసివేసింది.

వదిలిపెట్టుట కూడ మనమనుకున్నట్లు కాదు. మెక్‌నాటన్ మరల ఇల్లు చూడలేదు. పిచ్చాసుపత్రిలోనే ఉండి 1865లో చనిపోయాడు. మన దేశములోను అట్టివానిని భద్రమైన కాపుదలలో ఉంచుతారు, లేదా పూచీకత్తు మీద బంధువులకు అప్పగిస్తారు. చనిపోయినవారి ఇంటివారికి ఇందులో ఓదార్పు ఏమున్నది? ఆ సహోదరి అడిగిన ఈ ముక్కకు మా యొద్ద ఇప్పటికిని జవాబు లేదు.

ఒక సంగతి ఒప్పుకొనవలెను. చాలా ఏండ్ల క్రిందట ఒక తల్లి తన కుమారుని మా యొద్దకు తెచ్చింది. అన్న అన్నములో విషము కలుపుచున్నాడని, చెవిలో ఎవరో మాటలాడుచున్నారని అతడు చెప్పేవాడు. మేము ప్రార్థన చేసి పంపాము. ఆసుపత్రికి తీసికొనిపొమ్మని చెప్పలేదు. చెల్లెలి పెండ్లి కుదరవలెనని ఇంటివారును దాచారు. ఆరు నెలలకు అతడు గొడ్డలితో అన్న మీద పడ్డాడు. అన్న ప్రాణము దక్కింది గాని కుడిచేయి పనికిరాకుండ పోయింది.

వకీలుగారు ఆ తల్లిని, "జబ్బున్నట్టు డాక్టరు చీటీ ఒక్కటైనా ఉన్నదా అమ్మా?" అని అడిగారు. ఆమె మా వైపు చూచింది.

ఎఱ్ఱగడ్డలోను విశాఖపట్నములోను ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నవి. 14416 నంబరుకు ఫోను చేసినా తెలుగులో మాటలాడుతారు, డబ్బు అడగరు. ఇప్పుడు మా యొద్దకు ఎవరు వచ్చినా ప్రార్థన చేసి, ఆ నంబరు కాగితము మీద వ్రాసి ఇస్తున్నాము.