కరెంటొచ్చినా నెట్ రాదెందుకు?

ఇంటర్నెట్ ఆపరేటర్లు బ్రాడ్‌బ్యాండ్ రౌటర్లు కొనేటప్పుడు అందరి చూపూ ఒకే అంకె మీద ఉంటుంది. ఒక్కో పెట్టె ఎన్ని సెషన్లు, అంటే లాగిన్ అయి ఉన్న కనెక్షన్లు, మోస్తుంది, 32 వేలా, 64 వేలా? అంతా సవ్యంగా ఉన్న రోజున ఆ అంకె నిజమే. కరెంటు పోయి వచ్చిన మరుక్షణం మాత్రం వేరే లెక్క కావాలి.

ఇళ్లకొచ్చే ఫైబర్ కనెక్షన్లు చాలా ఇప్పటికీ 1999 నాటి పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతిలోనే నడుస్తున్నాయి. ఇంట్లో పరికరం వెలగగానే అటూ ఇటూ నాలుగు ప్యాకెట్లు తిరిగాక సెషన్ నంబరు వస్తుంది. ఆపైన పాస్‌వర్డ్, ఖాతాలను సరిచూసే రేడియస్ సర్వర్ అనుమతి, ఐపీ అడ్రస్, ప్లాన్‌కు తగ్గ వేగం, బిల్లింగ్ లెక్క. డేటాను తోసే పని ప్రత్యేక చిప్పులది. ఈ తతంగం మాత్రం చాలావరకు మామూలు ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. వందల గిగాబిట్లు అవలీలగా పంపే రౌటర్ లాగిన్ల దగ్గర చతికిలబడేది అందుకే.

64 వేల మంది చందాదారులున్న రౌటర్ రీస్టార్ట్ అయిందనుకోండి. సెకనుకు 100 లాగిన్లు పూర్తయినా చివరి ఇంటికి నెట్ రావడానికి 640 సెకన్లు, అంటే పది నిమిషాలు దాటుతుంది. అదీ సాఫీగా సాగితేనే. జవాబు ఆలస్యమైన ప్రతి ఇల్లూ మళ్లీ మొదటినుంచి అడుగుతుంది, సగంలో ఆగిన పనంతా వృథా. నిజానికి చాలాసార్లు ముందు చేతులెత్తేసేది రౌటర్ వెనకున్న రేడియస్ డేటాబేస్. పెద్ద రౌటర్ కొన్నా ఈ జబ్బు నయం కాదు.

ఇంకో చిక్కుంది. ఇంట్లో కరెంటు పోయినా ఆపరేటర్ రౌటర్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. చందాదారు నుంచి కొంతసేపు జవాబు రాకపోతే గానీ పాత సెషన్‌ను తీసేయదు. ఈలోగా కరెంటొచ్చి ఇల్లు లాగిన్ కొడితే, ఒక ఖాతాకు ఒకే సెషన్ అనే నియమం అడ్డుపడుతుంది. తిట్లు మాత్రం కేబుల్ ఆపరేటర్‌కు!

2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌గ్రిడ్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఖర్చు తగ్గించిన తెలివైన పనే. కానీ తుపానుకు స్తంభాలు కూలితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. మన కోస్తాలో వేల ఇళ్లు ఒక్కసారిగా తిరిగి లాగిన్ కొట్టే రోజును అరుదైన ప్రమాదంగా లెక్కవేయలేం.

అందుకే రాజధానిలో ఒక మహాయంత్రం కన్నా జిల్లాకు రెండు చిన్న రౌటర్లు మేలంటాను. నిర్వహణ భారం పెరుగుతుంది, నిజమే. కానీ ఒక రౌటర్ ఆగితే నెట్ లేకుండా మిగిలే ఇళ్లు తగ్గుతాయి. లాగిన్ల వంటి నియంత్రణను డేటా తోసే పని నుంచి విడదీసే టీఆర్-459 నమూనాను బ్రాడ్‌బ్యాండ్ ఫోరం 2020లో తెచ్చింది. లాగిన్ల భారానికి తగ్గట్టు ప్రాసెసర్లు పెంచుకోవచ్చు, బాగానే ఉంది. ఆ నియంత్రణ కేంద్రం ఒక్కచోటే ఉంటే మాత్రం పాత ప్రమాదాన్నే పెద్దది చేసుకున్నట్టు.

టెండర్లో ఒక షరతు చేర్చాలి. రౌటర్‌ను నిండా సెషన్లతో నింపి, వాడబోయే రేడియస్‌నే తగిలించి, అధికారుల ఎదుటే పవర్ తీసేయాలి. చివరి సెషన్ తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని చూశాకే బిల్లు చెల్లించాలి.