డిరాక్ ఊహించిన బుడగ



కుంకుడుకాయ రసంలో బొప్పాయి ఆకుకాడ ముంచి బుడగలు ఊదటం మీకు నేను నేర్పనక్కరలేదు. కాని ఇది గమనించారా? బుడగ కాడ కొసన ఉండగానే రెండో కొస నుంచి నోరు తీసేస్తే, అది మెల్లగా చిన్నదై కాడలోకి పోతుంది. బుడగ పొర ఎప్పుడూ ముడుచుకోవాలనే చూస్తుంది. ఈ గుణాన్నే తలతన్యత అంటారు. లోపలి గాలి బయటికి నెడుతుంది, పొర లోపలికి లాగుతుంది. రెండూ సరితూగితేనే బుడగ నిలుస్తుంది.

ఇటువంటి బుడగనే ఊహించి ఎలక్ట్రాను గుట్టు విప్పబోయాడు ఒక గొప్ప శాస్త్రజ్ఞుడు. ఆయన పేరు పాల్ డిరాక్. కేంబ్రిడ్జిలో ఆచార్యుడు, 1933లో నోబెల్ బహుమానం పొందినవాడు.

ఎలక్ట్రాను ఒక బిందువు అనుకుంటే ఒక చిక్కు వస్తుంది. ఒకే జాతి విద్యుత్తు ఒకదాన్నొకటి నెట్టుకుంటుంది కదా! దాన్ని ఎంత చిన్న చోట ఇరికిస్తే అంత ఎక్కువ శక్తి కావాలి. బిందువులోనే ఇరికించాలంటే ఆ శక్తికి అంతు ఉండదు. అందుకని 1962లో డిరాక్, ఎలక్ట్రానును విద్యుత్తు పరుచుకున్న బుడగగా భావించి చూశాడు. లోపల గాలి లేదు. విద్యుత్తే బయటికి నెడుతుంది, తలతన్యత లోపలికి లాగుతుంది.

బుడగను కదిలిస్తే ఉబ్బుతూ, తగ్గుతూ ఊగుతుంది. ఊగే బుడగలో శక్తి ఎక్కువ. శక్తి పెరిగితే ద్రవ్యరాశీ పెరుగుతుందని ఐన్‌స్టీన్ ఏనాడో చెప్పాడు. ఎలక్ట్రానుకు అన్నలాంటి కణం ఒకటుంది, మ్యూయాన్. దాని ద్రవ్యరాశి ఎలక్ట్రానుకు సుమారు 207 రెట్లు. ఊగుతున్న ఎలక్ట్రానే మ్యూయాన్ కావచ్చునా? డిరాక్ లెక్క కట్టాడు. వచ్చింది 53! కావలసినదానిలో సుమారు నాలుగోవంతు. పైగా ఎలక్ట్రానుకు స్పిన్ అనే గుణం ఉంది. ఈ బుడగకు అది లేదు. ఆ లోపాన్ని దాచకుండా ఆయనే తన వ్యాసంలో రాశాడు. నాకు ఆ వ్యాసంలో అన్నిటికన్నా నచ్చిన మాట అదే.

లెక్క కుదరలేదు గాని, పొర అనే ఊహ నిలిచింది. బిందువుకు ఏ కొలతా లేదు, దారానికి పొడవొక్కటే, పొరకు పొడవూ, వెడల్పూ. 1987లో బెర్గ్‌షోఫ్, సెజ్గిన్, టౌన్‌సెండ్ అనే ముగ్గురు, కాలంతో కలిపి 11 కొలతల లోకంలో కదిలే పొరకు సమీకరణాలు రాశారు. మనకు తెలిసినవి కాలంతో కలిపి నాలుగేనే! మిగతా ఏడూ మన కంటికి అందనంత చిన్నగా చుట్టుకుని ఉండవచ్చునని ఒక ఊహ. పొరకన్నా ఎక్కువ కొలతలున్న వస్తువులు కూడా ఇప్పుడు లెక్కల్లోకి వచ్చాయి. వీటికి బ్రేన్లు అని పేరు. పొరను ఇంగ్లీషులో మెంబ్రేన్ అంటారు. ఆ మాటకు తల కోసేసి తోక ఉంచుకున్నారన్నమాట!

అయితే బ్రేన్లు ఇంతవరకు ఏ ప్రయోగానికీ చిక్కలేదు. ఎలక్ట్రాను కూడా, ఎంత సూక్ష్మంగా పరీక్షించినా, ఇప్పటికీ బిందువులాగానే కనబడుతూంది.